హార్లన్ కూబెక్ వేసిన ముడి

హార్లన్ కూబెక్ వేసిన ముడి నిలవదు. నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో ఈ సంగతి తెలియని మనిషి లేడు, పశువు లేదు. మా వైపు పుట్టిన దూడ కళ్ళు తెరవగానే ముందు తల్లిని చూస్తుంది, తర్వాత హార్లన్ గేటు వైపు చూస్తుంది, ఊడిందా లేదా అని. తమాషా ఏమిటంటే, కొరియా యుద్ధం రోజుల్లో ఆ మనిషి నేవీలో నాలుగేళ్ళు చేసింది తాళ్ళు కట్టే పనే. యుద్ధనౌక మీద తాళ్ళకీ లంగరు గొలుసులకీ ఆయనే పెద్ద. ఆయన కట్టిన ఓడ రేవు వదిలి ఎక్కడికీ పోలేదట. ఆయన కట్టిన గేటులోంచి మాత్రం నలభై ఆవులు వారానికోసారి షికారు పోయేవి.

ఆ ఊడిపోయే ముడి మీద మా అన్న డెల్బర్ట్ ప్రాణం ఆరేళ్ళు వేలాడింది. అందుకే చెప్తున్నాను. హార్లన్ పోయి నెల కావస్తోంది, ఇప్పుడిక చెప్పినా తప్పులేదు.

మనిషి ఆరడుగుల నాలుగంగుళాలు. ఆయన ఎక్కుతుంటే గుర్రం మా వైపు చూసేది, ఎవరైనా ఆపుతారేమోనని. ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు ఉండేది. వయసుతో ముడతలు పడి అది ముల్లంగిలా తయారైంది. డెబ్బై ఏళ్ళు దగ్గరపడినా సూర్యుడికంటే ముందు లేచేవాడు. చలికాలంలో పశువుల తొట్లలో మంచు గొడ్డలితో పగలగొట్టడం, గడ్డి వేయడం, ఈనలేని ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దూడని బయటికి లాగడం, అన్నీ ఒక్కడే. ఆయన గడ్డివాములు గీత గీసినట్టుండేవి. బూట్లు అద్దంలా మెరిసేవి. అన్నీ సరిగ్గా ఉండి, ఒక్క గేటు దగ్గరే చెడింది.

మా గేట్లు ముళ్ళతీగవి. చివర ఒక కర్ర ఉంటుంది, దాన్ని స్తంభానికి తీగ ఉంగరంతో బిగిస్తాం. హార్లన్ ఒక్కడే తాడుతో కట్టేవాడు. ఒకప్పుడు ఆయన కంచె కౌంటీకంతటికీ పాఠం. లవాన్, అంటే ఆయన భార్య, పోయిన తర్వాతే ఇలా మొదలైంది. "చేతుల్లో పట్టు పోయింది పాపం," అని కొందరు, "బుర్రలో పట్టు పోయింది," అని మరికొందరు. మా వైపు మనిషిని చంపినవాడితోనైనా కూర్చుని కాఫీ తాగుతారు గానీ, గేటు తెరిచి వదిలేసినవాడితో తాగరు. హార్లన్‌తో తాగేవాళ్ళంటే, అది వయసు మీద జాలి.

ఆ కాఫీ నా హోటల్లోనే. రోజూ పొద్దున్న గస్ అనే గడ్డి వ్యాపారి కాచుకుని కూర్చునేవాడు.

"ఏం నావికుడా, ఇవాళ నీ ఆవులు ఏ రేవులో దిగాయి?"

"తప్పు తాడుది కాదయ్యా గస్," అనేవాడు హార్లన్, చాలా గంభీరంగా. "ఇక్కడ గాలిలో ఉప్పు లేదు. ఉప్పు గాలి తగిలితేగాని ముడి బిగుసుకోదు."

"వెల్డా, ఈయన కాఫీలో పంచదార మానేసి ఉప్పు వెయ్యి," అనేవాడు గస్ నాతో.

అంతటితో ఆగలేదు. గస్ ఒకరోజు పశువులు నాకే ఉప్పు దిమ్మ, యాభై పౌన్లది, మోసుకెళ్ళి హార్లన్ గేటుకి వేలాడదీసి వచ్చాడు. మర్నాడు మళ్ళీ ఆవులు రోడ్డు మీదే.

"ఇప్పుడేమంటావ్?"

"ఉప్పు నాకుతూ నాకుతూ ముడి కూడా నాకి విప్పేశాయి. అంతా నీవల్లే."

మా వైపు వసంతంలో దూడలకి కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే రోజున ఇరుగూపొరుగూ అంతా ఒకరింటికొకరు సాయం వెళ్తారు. ఎవరికే పని ఇస్తారన్నదాన్నిబట్టి మనిషి పరువు తెలుస్తుంది. గుర్రం మీంచి తాడు విసిరి దూడ కాళ్ళు పట్టే పని అందరికంటే గొప్పది. నలభై ఏళ్ళు ఆ పని హార్లన్‌దే. గేటు అపకీర్తి మొదలయ్యాక ఆ తాడు ఆయన చేతిలోంచి తీసుకుని, దూడల టీకా మందు సీసాలు పట్టుకునే పని ఇచ్చారు. అది పదేళ్ళ పిల్లలకిచ్చే పని. హార్లన్ సీసాలన్నీ ఎత్తుల వారీగా వరసలో పెట్టి, వాటికి కాపలాగా నిలబడ్డాడు.

మా స్కూలు టీచరుగారు హేజల్‌కి అప్పటికి ఎనభై ఆరు. మా కౌంటీలో సగం మందిని ఆవిడే దంచింది, నన్ను ఏడో తరగతిదాకా. తుంటి విరిగి మానాక కూడా భయపడి, ఒంటరి ఇంట్లో మూడు నెలలు గుమ్మం దాటలేదు. ఒక ఏప్రిల్ పొద్దున్న హార్లన్ ఆవులు ఆరు ఆవిడ తులిప్ పూల మడిలో ఫలహారం చేస్తున్నాయి. ఆవిడ రాత్రి గౌనుతోనే చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"హార్లన్ కూబెక్! నిన్ను నాలుగో తరగతిలోనే ఫెయిల్ చెయ్యాల్సింది!"

"అవును టీచరుగారూ," అన్నాడు హార్లన్, టోపీ చేతిలో పట్టుకుని.

"అవునంటూ నిలబడతావేం? అటు నుంచి తోలు!"

ఆయన అటు నుంచి, ఆవిడ ఇటు నుంచి. తుంటి విరిగిన మనిషి ఆవుల వెనకాల ఫర్లాంగు దూరం తిట్టుకుంటూ నడిచింది. ఆ ఏడాది చలి మొదలవకముందే హార్లన్ వెళ్ళి కొత్త తులిప్ దుంపలు నాటి వచ్చాడు. వసంతంలో ఆయన ఆవులే వెళ్ళి తిన్నాయి. ఏటేటా ఇదే వరస. మేం విరగబడి నవ్వేవాళ్ళం. నవ్వడం వచ్చినంత తొందరగా మాకు బుర్ర రాలేదు.

ఇక మా అన్న సంగతి. మార్వా వదిన అక్టోబర్‌లో పోయింది. జబ్బని తెలిసిన ఐదు వారాలకే. చర్చి నిండా జనం వచ్చారు, కూచోడానికి చోటు లేక గోడలకానుకుని నిలబడ్డారు. వారం రోజులపాటు బంగాళాదుంపలూ మాంసమూ కలిపి వండిన గిన్నెలు వరస కట్టాయి. అన్న అవన్నీ తీసుకెళ్ళి కుక్కకి పెట్టాడు. కుక్క లావెక్కింది, అన్న సగమయ్యాడు. తర్వాత చలి వచ్చింది, గిన్నెలు ఆగిపోయాయి. పక్కిల్లు హార్లన్‌ది, పొలాలు ఆనుకునే ఉన్నా ఇల్లు తొమ్మిది మైళ్ళు. నేను రోజూ హోటల్ మూసి పద్నాలుగు మైళ్ళు బండి నడుపుకుంటూ సూప్ పట్టుకెళ్ళేదాన్ని. నిన్నటి సూప్ పెట్టిన చోటే గడ్డకట్టి ఉండేది.

"తినన్నయ్యా."

"తర్వాత తింటాలే."

"పశువులకి మేత వేశావా?"

"వేశా." వేయలేదు. ఆవులు కంచె దగ్గర నిలబడి, ఇంటి వైపు చూస్తూ అరుస్తున్నాయి.

ఒకరోజు ఆయన గోడకి ఉన్న తుపాకీ అడిగాను. హోటల్ వెనక నక్క తిరుగుతోందని చెప్పాను. ఏమీ అడక్కుండా తీసి చేతికిచ్చాడు. మా హోటల్ వెనక నక్క లేదని నాకు తెలుసు. తుపాకీ ఎందుకడిగానో ఆయనకి తెలుసు. దారంతా ఏడుస్తూ నడిపాను, బండి రెండుసార్లు మంచులో దిగబడింది.

జనవరి మూడో వారంలో హోటల్ ఫోన్ మోగింది. మూడు నెలలుగా ఎవరికీ ఫోన్ చెయ్యని గొంతు.

"వెల్డా! ఆ నావికుడు అక్కడున్నాడా?"

చేతిలో కాఫీ కూజా జారి గస్ ఒళ్ళో పడింది. గస్ పెట్టిన కేకకి ఫోన్లో మాట వినబడలేదు.

"ఏంటన్నయ్యా?"

"వాడి ఎర్ర ఆవులు నా గడ్డివాము మీద పడ్డాయే! నలభైకి నలభై! వాడు పక్క రేవుకి పోయాడా, సముద్రంలో దూకాడా? రమ్మను!"

నేను కూడా వెళ్ళాను, చూడకుండా ఉండగలనా? మా అన్న మూడు నెలల గడ్డంతో గుర్రమెక్కి, తన నల్ల ఆవుల్లోంచి హార్లన్ ఎర్ర ఆవుల్ని విడదీస్తున్నాడు. విడదీస్తూ హార్లన్‌ని, హార్లన్ తండ్రిని, నేవీని, ఓడలు తేలే నీటిని తిడుతున్నాడు. హార్లన్ వెనకాలే నెమ్మదిగా వస్తున్నాడు.

"గాలిలో ఉప్పు…"

"ఉప్పు మాటెత్తావంటే గడ్డిలో పూడ్చేస్తా!"

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ చలికి వణుకుతున్నారు. అంత దూరం తోలాక కాఫీ ఇవ్వకుండా మనిషిని పంపడం మా వైపు కుదరదు. అన్న కాఫీ పెట్టాడు. కాఫీతోపాటు ఏదో ఉండాలి కదా అని నా సూప్ వేడి చేశాడు. హార్లన్ తింటుంటే ఎదురుగా కూర్చుని తిట్టడానికి బలం కావాలి కదా అని తనూ రెండు గరిటెలు తిన్నాడు.

మళ్ళీ మంగళవారం ఆవులొచ్చాయి. ఆ పై మంగళవారమూ వచ్చాయి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న నేను దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని అన్న ఇంటికి వెళ్తున్నాను. గుట్ట దిగేసరికి కింద హార్లన్ గేటు కనబడింది. గేటు దగ్గర హార్లన్. ముడి బిగిస్తున్నాడనుకున్నాను. తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అంత పెద్ద ముడీ చప్పుడు లేకుండా విడిపోయింది. గేటు పక్కకి తీసి, దాణా సంచి గలగలలాడిస్తూ, ఆవుల్ని మా అన్న పొలం వైపు బతిమాలుతున్నాడు.

"రండమ్మా, రండి. డెల్బర్ట్ ఇంకా లేచి ఉండడు. తొందరగా రండి."

నేను బండి ఆపి దిగాను. హార్లన్ సంచి వెనక దాచుకున్నాడు. అంత మనిషి వెనకాల దాణా సంచేం ఖర్మ, లారీ కూడా దాగుతుంది, కానీ ఆవులన్నీ ఆ సంచినే చూస్తున్నాయి.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

టోపీ తీశాడు. "టీచరుగారి తులిప్‌ల కంటే ముందునుంచే, అమ్మాయ్."

"అసలు ఎందుకు హార్లన్?"

ఆవులు మా ఇద్దరి మధ్యలోంచి దాటి వెళ్ళిపోతున్నాయి.

"లవాన్ పోయినప్పుడు నా ఇంటికీ బోలెడు గిన్నెలొచ్చాయి. ఆ తర్వాత యాభై రెండు రోజులు నా గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఎందుకు తొక్కుతారు? నా కంచె గట్టిది. నా ఆవులు ఎవరి జోలికీ పోవు. నాతో ఎవరికీ పని లేదు. యాభై మూడో రోజు పక్క పొలం ఎద్దు నా కంచె తెంపుకొచ్చి, లవాన్ బట్టలారేసే తీగని కొమ్ములకి చుట్టుకుని బొబ్బలు పెట్టింది. దాన్ని విడిపించడానికి లేచాను. ఆ రోజు లేవకపోతే…" ఆగాడు. "లేచాను. అంతే."

"మరి మా అన్నని కాఫీకి పిలవచ్చు కదా?"

"పిలిస్తే వస్తాడా?"

రాడు.

"తిట్టడానికైతే వస్తాడమ్మాయ్. మీ అన్న మంచి మనిషి, తను తిట్టినవాడికి కాఫీ ఇవ్వకుండా పంపడు."

"ఊరంతా నిన్ను చూసి నవ్వుతోంది. ముద్రల రోజున నీ చేతిలో తాడు కూడా తీసేసుకున్నారు."

అది తగిలింది. లంగరు పచ్చబొట్టు మీద చేత్తో రుద్దుకున్నాడు. "అది మాత్రం కొంచెం కష్టమే," అన్నాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు. "నవ్వేవాళ్ళు కూడా ఏదో ఒకరోజు ఒక్కళ్ళే మిగిలిపోతారు. అప్పుడు నా ఆవులు వాళ్ళింటికీ వెళ్తాయి. నువ్వు మాత్రం నోరు విప్పకు వెల్డా. డెల్బర్ట్‌కి తెలిస్తే మళ్ళీ తలుపేసుకుంటాడు."

నోరు విప్పకు! నాతో! మా ఊళ్ళో పాస్టరుగారు ప్రకటనలు చదవడం మానేసింది నా మూలానే. ఆ రోజు హోటల్‌కి తిరిగొచ్చేసరికి గస్ అడిగాడు, "మళ్ళీ ఊడిందా నావికుడి ముడి?" నా నాలుక పళ్ళ వెనకాల కట్టేసిన గిత్తలా గింజుకుంది. "ఊడింది," అన్నాను. "గాలిలో ఉప్పు లేదుగా." అని వంటింట్లోకి పోయి, ఎవరికీ కనబడకుండా తువ్వాలు కొరికాను.

ఆ వేసవిలో హార్లన్ తెల్ల మొహం ఎద్దు వెళ్ళి మా అన్న ఆవులతో మూడు రోజులు కాపురం చేసింది. మరుసటి మార్చిలో నల్ల ఆవులకి తెల్ల మొహం దూడలు పుట్టాయి, పంతొమ్మిది. యాభై ఏళ్ళుగా మా నాన్న, ఆయన తర్వాత అన్న, ఒక్క తెల్ల వెంట్రుక రానివ్వని మంద అది. అన్న ఒక్కో దూడనీ బయటికి లాగడం, దాని మొహం చూడడం, హార్లన్‌కి ఫోన్ చేసి తిట్టడం. రోజుకి ఆరుసార్లు. కొట్టంలోనే పడుకుని, కొట్టంలోనే తిని, ఒక్క దూడనీ పోనివ్వలేదు.

నేను హార్లన్‌ని పక్కకి లాగాను. "ఎద్దుని కూడా నువ్వే పంపావా?"

"ఒట్టు అమ్మాయ్. అది దాని సొంత ఆలోచన."

అలా ఆరేళ్ళు. మా అన్న గడ్డం తీశాడు, మేత వేశాడు, చర్చికొచ్చాడు. నవ్వడం మాత్రం రాలేదు. మార్వా వదినతోపాటు అదీ పోయిందనుకున్నాం. కానీ మంగళవారం మంగళవారం తిట్టేవాడు. అది చాలనుకున్నాను నేను.

పోయిన నెల హార్లన్ గడ్డివాము ఆసరాగా కూర్చుని, అలాగే పోయాడు. గొడ్డలి పక్కనే శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది. నేవీ నుంచి తెల్ల యూనిఫారాల్లో ఇద్దరు కుర్రాళ్ళొచ్చి జెండా మడత పెట్టి ఆయన చెల్లెలి చేతికిచ్చారు. టీచరుగారు చక్రాల కుర్చీలో వచ్చింది. వచ్చినవాళ్ళలో చాలామంది తమ తోటలో హార్లన్ ఆవులు ఏం తిన్నాయో చెప్పుకుంటున్నారు. ఒకళ్ళ క్యాబేజీలు, ఒకళ్ళ ఆపిల్ మొక్కలు, ఒకళ్ళ ఆరేసిన దుప్పట్లు. లెక్కపెట్టాను. చెప్పుకుంటున్నవాళ్ళందరూ ఒంటరివాళ్ళే. ఒక్క మొగుడూపెళ్ళాలున్న ఇల్లు కూడా లేదు. గస్ కూడా ఉన్నాడు అందులో, పోయినేడాది పెళ్ళాం పోయింది వాడికి.

పెట్టెని తాళ్ళతో గోతిలోకి దించుతుంటే గస్ నా చెవిలో, "ఆ తాళ్ళు ఆయన కట్టినవి కాదు కదా?" అన్నాడు. అని, నా భుజం మీద తల పెట్టి దూడలా ఏడ్చాడు.

మా అన్న ఏడవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. చర్చిలో పెట్టిన భోజనం ముట్టకుండా వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఫోన్ తీయలేదు. నాలుగో రోజు మంగళవారం. హోటల్ మూసేసి బండెక్కాను.

వంటింట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలిగించలేదు. అదే కుర్చీ, అదే కూర్చోవడం, ఆ జనవరి లాగే. నాకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది. ఇక దాచి ఎవరికి లాభం? ఆరేళ్ళ మూట ఒక్కసారిగా దింపేశాను.

"అన్నయ్యా, ఆ ముడి ఊడేది కాదు! హార్లనే విప్పేవాడు. నా కళ్ళతో చూశాను. నువ్వు లేవాలని, నువ్వు గుర్రమెక్కాలని, నువ్వు నాలుగు మెతుకులు తినాలని! అంత చేసిన మనిషి పోయిన వారానికే మళ్ళీ ఇలా కూర్చుంటావా?"

అన్న తల తిప్పాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"విప్పేవాడని. మొదటి రోజే తెలుసు."

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గేటు దగ్గరికి వెళ్ళి చూశాను కదే. దానంతటది ఊడిన తాడు కింద మట్టిలో పడి ఉండాలా లేదా? అది గుండ్రంగా, వరస తప్పకుండా చుట్టచుట్టి, స్తంభానికి తగిలించి ఉంది. ఓడ మీద అలవాటు. ఎక్కడ తాడు కనబడ్డా చుట్టకుండా ఉండలేడు. దొంగతనం చేసి, పోతూ పోతూ ఇల్లు ఊడ్చిపోయే రకం."

"ప్రతిసారీనా?"

"ఆరేళ్ళూ. గస్ కంటబడితే గుట్టు రట్టవుతుందని, నేనే ఆ చుట్ట విప్పి, మట్టిలో పడేసి, కాలితో తొక్కి వచ్చేవాణ్ణి."

"తెలిసీ మరి ఎందుకు తిట్టావు ఆ మనిషిని?"

"తిట్టకపోతే మళ్ళీ ఎలా వస్తాడు?" అన్నాడు అన్న. "ఇంట్లో ఎవరూ లేరు ముసలాడికి. పాపం, తోచక చస్తాడని."

బయట తెల్ల మొహం ఆవు ఒకటి అరిచింది. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

"అయితే నేను ఆరేళ్ళు నోరు కట్టుకున్నది ఎవరికోసం?"

అన్న మెల్లగా నా వైపు తిరిగాడు. "నువ్వు? ఆరేళ్ళు?"

"ఆ."

"ఎవరికీ చెప్పలేదూ?"

"లేదు."

"గస్‌కి కూడా?"

"లేదన్నానా!"

ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని లేచాను. కాదు. బల్ల పట్టుకుని నవ్వుతున్నాడు. ఊపిరాడక దగ్గుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు, నా మొహం చూసి మళ్ళీ మొదలెడుతున్నాడు. "నువ్వా! నువ్వా వెల్డా!" అంటాడు, బల్ల గుద్దుతాడు. మార్వా వదిన పోయాక ఆ ఇంట్లో ఎవరూ అంత చప్పుడు చేయలేదు.

నవ్వు తగ్గాక లేచి పొయ్యి వెలిగించాడు.

"కూర్చో. కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు.

నీళ్ళలా ఉంది. రెండు కప్పులు తాగాను.